అధికార సోపానం – మానవ హృదయం

"రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా?" అన్నారు మన పెద్దలు. ఆ దెబ్బలు వీపుమీద పడేవని మాత్రమే లోకం చిరకాలం అనుకున్నది. కంటికి కనబడని దెబ్బ మరొకటి వున్నదనీ, పైవాని చూపు సోకినంతనే క్రిందివాని నెత్తురులో మార్పు కలుగుతుందనీ తెలియటానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసి వచ్చింది. ఆ చరిత్రను సంగ్రహంగా మనవి చేస్తాను.

ఈ కథకు ఆరంభం ఒక కోళ్ళ దొడ్డి. నార్వే దేశీయుడైన షెల్డెరుప్-ఎబ్బె చిన్ననాటినుంచీ కోళ్ళను శ్రద్ధగా గమనించేవాడు. ఏ కోడి ఏ కోడిని పొడవవచ్చునో వాటిలో ఒక కట్టుబాటు వున్నదని 1921లో ఆయన వెల్లడించినాడు. మొదటి కోడి అన్నిటినీ పొడుస్తుంది. చిట్టచివరిది అన్నిటిచేతా పొడిపించుకుంటుంది. మేత దగ్గరా అదే వరుస.

అయితే ఆ చివరి కోడి దేహంలో ఏమి జరుగుతూ వుంటుంది? ఈ ప్రశ్నకు దారి చూపినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాల్టర్ కానన్. మొరిగే కుక్క ఎదుట నిలిచిన పిల్లి రక్తంలోనికి మూత్రపిండాలపై టోపీలవలె అమరివున్న అడ్రినల్ గ్రంథులనుండి ఒక రసం స్రవిస్తుందని ఆయన చూపినాడు. గుండె వేగం హెచ్చుతుంది, జీర్ణక్రియ స్తంభిస్తుంది, దేహం పోరాటానికో పలాయనానికో సిద్ధపడుతుంది. ఈ విషయాలను ఆయన 1915లో గ్రంథస్థం చేసినాడు.

కుక్క వెళ్ళిపోతే పిల్లి కుదుటపడుతుంది. వెళ్ళకుండా అక్కడనే వుంటే? మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యె ఎలుకలపై పరీక్షలు జరిపి, 1936లో ఒక చిన్న లేఖ ప్రకటించినాడు. చలి గాని, గాయం గాని, మితిమీరిన శ్రమ గాని, బాధ ఏదైనా ఫలితం ఒక్కటే: అడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణకోశంలో పుండ్లు లేచినవి. క్షణకాలం ప్రాణం కాపాడే ఏర్పాటే నిత్యమైతే ప్రాణం తీస్తుందన్నమాట. దీనికే అనంతరం 'స్ట్రెస్' అనే పేరు స్థిరపడింది. మనం ఒత్తిడి అంటున్నాము.

ఇక మనుష్యుల మాట. పెద్ద కుర్చీలో కూర్చున్నవానికే పెద్ద బెంగ అనీ, గుండెజబ్బు అధికారుల వ్యాధి అనీ జనసామాన్యం నమ్మిక. లండనులోని ప్రభుత్వ కార్యాలయాల వీథి వైట్‌హాల్ ఈ నమ్మికను తలక్రిందులు చేసింది. 1967 మొదలుకొని అక్కడి పురుషోద్యోగులను, నలుబదినుండి అరువది నాలుగేండ్ల వయస్సు వారిని, పదునేడు వేలకు పైగా వైద్యులు పరీక్షించి, ఏండ్ల తరబడి గమనిస్తూ వచ్చినారు. మైకేల్ మార్మట్, ఆయన సహచరులు 1978లో ప్రకటించిన ఫలితం ఇది: గుండెజబ్బుతో మరణించటం ఉన్నతాధికారులలో కంటె బంట్రోతులు మొదలైన కడపటి తరగతివారిలో మూడు రెట్లకు మించి వున్నది. అంతకంటె విచిత్రం మరొకటి వున్నది. శిఖరానికి ఒక్క మెట్టు క్రింద వున్నవారు సైతం శిఖరాన వున్నవారికంటె వెనుకబడినారు!

వీరిలో పస్తులున్నవారు లేరు. వైద్యం అందరికీ ఉచితం. పొగత్రాగటం, రక్తపుపోటు వంటి కారణాలను లెక్కించినా వ్యత్యాసంలో కొంతభాగమే తీరింది. 1985లో పదివేలమందికి పైగా స్త్రీపురుషులతో రెండవ పరిశీలన మొదలైనది. తమ పనిలో తమ మాటకు చోటు లేనివారికి గుండెజబ్బు హెచ్చని అందులో తేలింది. బాల్యంలోని లేమి మొదలైన ఇతర హేతువులూ లేకపోలేదు. అన్నిటినీ ఒత్తిడికే అంటగట్టరాదు.

మరి ఇది జీవలక్షణం కదా, తప్పించుకొనే దారి లేదా? దీనికి సమాధానం కెన్యా దేశపు మైదానాలనుండి వచ్చింది. రాబర్ట్ సపోల్‌స్కీ 1978నుండి అక్కడి బబూన్ కోతుల రక్తాన్ని పరీక్షించినాడు. నెలకొన్న పెత్తనం క్రింద అణిగివుండే మగకోతులలో ఒత్తిడి రసం హెచ్చుగా వుండేది. పెత్తనం తారుమారయ్యే రోజులలో పైవాటికీ శాంతి వుండేది కాదు. 1980 తరువాతి సంవత్సరాలలో ఒక మందలోని దుడుకు మగవి పొరుగు మంద మేసే చెత్తకుప్పపైకి ఎగబడి, అక్కడి మాంసంవల్ల క్షయ సోకి చనిపోయినవి. మిగిలినవి సాధువులు. పదేండ్లు గడిచేసరికి ఆ మగకోతులలో ఒక్కటీ ఆ మందలో లేదు. వున్నవన్నీ బయటినుండి వచ్చి చేరినవే. అయినా సాధుస్వభావం అట్లే నిలిచింది! తక్కువ అంతస్తు కోతుల దేహాలలో సైతం మునుపటి ఒత్తిడి గుర్తులు కనబడలేదు. ఈ వృత్తాంతం 2004లో వెలువడింది. అంతస్తులు అక్కడా వున్నవి. వాటి కాఠిన్యం మాత్రమే తగ్గినది. కోతులకు సాధ్యమైనది మనకు అసాధ్యమని ఎట్లా అనగలం?

నేను పనిచేసే గదిలోనూ బల్లమీద ఒక గంట వున్నది. అది మ్రోగగానే తలుపువద్ద కూర్చున్న ఆ పెద్దమనిషి ఉలిక్కిపడి లేవటం ఏండ్లుగా నా కంటబడుతూనే వున్నది. ఈ ప్రసంగం వ్రాసే రోజులలోనే దానిని నిజంగా చూచినాను. ఇప్పుడు లేచివెళ్ళి పిలుస్తున్నాను. అందువల్ల నాకు పట్టే కాలం అర నిమిషం.