థీమ్ పార్కు టికెట్టు: ప్రవేశం, తేదీ, వరుస వేర్వేరు కొనుగోళ్లు

థీమ్ పార్కు టికెట్టు అనగానే లోపలికి వెళ్లడానికి చెల్లించిన రుసుముకు రసీదు అని సాధారణంగా భావిస్తారు. పెద్ద పార్కుల విషయంలో ఈ నిర్వచనం ఇప్పుడు సరిపోదు. ప్రవేశార్హత ఒకటి, ఫలానా తేదీన రావడానికి అనుమతి మరొకటి, రైడ్ దగ్గర పొడవైన వరుసను తప్పించుకునే హక్కు ఇంకొకటి. వీటిని వేర్వేరుగా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ధరలకు విక్రయిస్తున్నారు. రైలు ప్రయాణికులకు ఈ తేడా కొత్త కాదు. జనరల్ టికెట్టు చేతిలో ఉన్నంత మాత్రాన బెర్తు దొరికినట్లు కాదు. అయినా విహారయాత్రకు బయలుదేరే కుటుంబాలు ఒక టికెట్టులోనే అన్నీ ఇమిడి ఉంటాయని నమ్మి నష్టపోతుంటాయి. నిబంధనలు చదివి కొనేది ఇంట్లో ఒక్కరే. గేటు దగ్గర నిలిచిపోయేది మాత్రం కుటుంబమంతా.

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్లే తెలుగు తల్లిదండ్రుల పర్యటనల్లో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ తరచుగా చోటు చేసుకుంటుంది. టికెట్ల విధానం అత్యంత సంక్లిష్టంగా మారిన పార్కుల్లో అదొకటి. అందువల్ల దానిని ప్రధాన ఉదాహరణగా తీసుకుని, తర్వాత మన దేశంలోని పద్ధతిని పరిశీలిద్దాం.

టికెట్టు పుస్తకం నుంచి యాప్ వరకు

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో 1955 జులై 17న డిస్నీల్యాండ్ ప్రారంభమైంది. మొదట్లో పెద్దలకు ప్రవేశ రుసుము ఒక డాలరు; రైడ్‌లకు విడిగా చెల్లించవలసి ఉండేది. అదే ఏడాది అక్టోబరులో ఎ, బి, సి తరగతుల చీటీలతో టికెట్టు పుస్తకాలు వచ్చాయి. 1956లో డి, 1959లో ఇ తరగతి చేరాయి. అన్నిటికన్నా గొప్ప రైడ్‌లకు ఇ చీటీ ఇవ్వాలి. అమెరికన్ ఇంగ్లీషులో ‘ఇ టికెట్టు’ అనే మాట మేటి అనుభవానికి పర్యాయపదంగా నిలిచిపోయింది. నేడు మనం వాడే ఎలక్ట్రానిక్ ‘ఇ-టికెట్టు’కు, దీనికి సంబంధం లేదు.

1982లో ఈ పుస్తకాలను రద్దు చేసి, ఒకే ప్రవేశ రుసుముతో అన్ని రైడ్‌లూ ఎక్కే పద్ధతిని ప్రవేశపెట్టారు. వరుసలు పెరగడంతో 1999లో ఫాస్ట్‌పాస్ అనే ఉచిత సౌకర్యం వచ్చింది. సమయం ముద్రించిన చీటీ తీసుకుని, ఆ వేళకు తిరిగి వస్తే తక్కువ నిరీక్షణతో రైడ్ ఎక్కవచ్చు. ఫ్లోరిడాలో 2021 అక్టోబరులో ఆ ఉచిత విధానం స్థానంలో జీనీ ప్లస్ అనే చెల్లింపు సేవ వచ్చింది. 2024 జులై 24 నుంచి దాని పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌గా మారింది. 1982లో తొలగించిన రైడ్ వారీ ధర ఈ విధంగా మరో రూపంలో తిరిగి వచ్చిందనే చెప్పాలి.

ఫ్లోరిడా టికెట్టులో ఏముంటుంది

1971 అక్టోబరు 1న ప్రారంభమైన వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగు థీమ్ పార్కులు ఉన్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్ (1971), ఎప్కాట్ (1982), హాలీవుడ్ స్టూడియోస్ (1989), యానిమల్ కింగ్‌డమ్ (1998). సాధారణ టికెట్టుతో రోజుకు ఒక్క పార్కులోకే అనుమతి. ఒకే రోజు రెండు మూడు పార్కులకు వెళ్లాలంటే పార్క్ హాపర్ అనే అదనపు సౌకర్యాన్ని కొనాలి.

ధర తేదీని బట్టి మారుతుంది. ఒక రోజు టికెట్లకు 2016లో, అన్ని రకాల టికెట్లకు 2018 అక్టోబరులో ఈ పద్ధతి అమల్లోకి వచ్చింది. క్రిస్మస్, వసంత సెలవుల్లో ధర ఎక్కువ. పాఠశాలలు నడిచే వారాల్లో తక్కువ. రోజులు పెరిగేకొద్దీ రోజువారీ సగటు ధర తగ్గుతుంది. అయితే టికెట్టుకు గడువు ఉంటుంది. ఉదాహరణకు నాలుగు రోజుల టికెట్టును మొదటి తేదీ నుంచి 7 రోజుల లోపు వాడుకోవాలి. మధ్యలో మయామీ చూసి తిరిగి వద్దామనుకునే వారు ఈ గడువును ముందే లెక్క వేసుకోవాలి. ప్రకటించే ధరలో అమ్మకపు పన్ను కలిసి ఉండదు. బయట బస చేసి కారులో వచ్చేవారికి పార్కింగ్ రుసుము అదనం.

రిజర్వేషన్ ఎక్కడ అవసరం

కోవిడ్ మూసివేత అనంతరం 2020 జులైలో తిరిగి తెరిచినప్పుడు, టికెట్టుతో పాటు ఏ రోజు ఏ పార్కుకు వస్తారో ముందుగా నమోదు చేసుకోవాలన్న నిబంధన పెట్టారు. తేదీ నిర్ణయించిన టికెట్లకు 2024 జనవరి 9 నుంచి ఫ్లోరిడాలో దీనిని ఎత్తివేశారు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ మాత్రం ఆ తర్వాతా దీనిని కొనసాగించింది. రెండూ ఒకే సంస్థవి కావడంతో ఒకచోటి అనుభవాన్ని మరోచోటికి వర్తింపజేసుకోవడం పొరపాటు. ఫ్లోరిడా వెళ్లి వచ్చిన బంధువుల సలహా విని, కాలిఫోర్నియాకు టికెట్టుతో మాత్రమే బయలుదేరితే గేటు దగ్గర చిక్కు తప్పదు.

పార్కులోని హోటళ్లలో బల్ల కేటాయింపు మరో రిజర్వేషన్. ఫ్లోరిడాలో దీనిని 60 రోజుల ముందు నుంచి చేసుకోవచ్చు. సకాలంలో రద్దు చేయకుండా వెళ్లకపోతే తలకు ఇంత అని కార్డు నుంచి వసూలు చేస్తారు. అయితే ఇంటి నుంచి తెచ్చుకున్న ఆహారాన్ని ఈ పార్కుల్లోకి అనుమతిస్తారు. వేడి చేయవలసిన పదార్థాలు, గాజు పాత్రలు, మద్యం కూడదు. శాకాహారులైన పెద్దలు వెంట ఉన్నప్పుడు పులిహోర డబ్బా ఒకటి సంచిలో ఉంటే హోటల్ రిజర్వేషన్ తప్పనిసరి కాదు.

వరుసకు వేరే ధర

ప్రవేశ టికెట్టు కొన్నవారు అన్ని రైడ్‌లనూ మామూలు వరుసలో నిలబడి ఎక్కవచ్చు. రద్దీ రోజుల్లో పేరున్న రైడ్‌కు గంటకు మించి నిరీక్షించవలసి రావచ్చు. మల్టీ పాస్ కొన్నవారు ముందుగా మూడు రైడ్‌లకు సమయాలు ఎంచుకుని, ఒకటి వాడుకున్నాక మరొకటి చేర్చుకుంటూ పోవచ్చు. అత్యధిక గిరాకీ ఉన్న ఒకటి రెండు రైడ్‌లు ఇందులో ఉండవు. వాటికి సింగిల్ పాస్ విడిగా కొనాలి. ఈ ధరలు కూడా తేదీని, పార్కును బట్టి మారతాయి. మూడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ విడిగా చెల్లించాలి. పాస్ కొనాలంటే ముందు ప్రవేశ టికెట్టు ఉండి తీరాలి.

డిస్నీ హోటళ్లలో దిగేవారికి బస ప్రారంభానికి 7 రోజుల ముందు, ఇతరులకు సందర్శనకు 3 రోజుల ముందు ఈ బుకింగ్ తెరుచుకుంటుంది. సమయం అక్కడి ఉదయం 7 గంటలు. భారత కాలమానంలో వేసవి సమయం అమలులో ఉన్నప్పుడు, అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు, సాయంత్రం 4.30, మిగిలిన నెలల్లో 5.30. ప్రయాణానికి ముందు ఇక్కడి నుంచే బుక్ చేసేవారికి ఈ గంట తేడా ముఖ్యం.

పిల్లలకు వయసు, రైడ్‌కు ఎత్తు

మూడేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. 3 నుంచి 9 ఏళ్ల వారికి పిల్లల టికెట్టు. పదేళ్లు నిండితే పెద్దల ధరే. పిల్లల ధరకు, పెద్దల ధరకు తేడా స్వల్పం. కాబట్టి సగం టికెట్టు ఉంటుందన్న అంచనాతో బడ్జెట్ వేయకూడదు.

అసలు నిరాశ ఎత్తు దగ్గర ఎదురవుతుంది. టికెట్టుకు వయసు కొలమానమైతే రైడ్‌కు ఎత్తు కొలమానం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కు కనీసం 97 సెంటీమీటర్లు, స్పేస్ మౌంటెన్‌కు 112, ట్రాన్‌కు 122 సెంటీమీటర్లు ఉండాలి. ఇంట్లోనే గోడకు కొలిచి చూసి, ఎక్కలేని రైడ్‌ల గురించి పిల్లలకు ముందే చెప్పడం మంచిది. చిన్నబిడ్డ ఉన్న తల్లిదండ్రులకు రైడర్ స్విచ్ అనే ఉచిత సౌకర్యం ఉంది. ఒకరు రైడ్ ఎక్కుతుండగా మరొకరు బిడ్డతో ఉండి, తర్వాత మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడకుండా తమ వంతు తీసుకోవచ్చు.

వృద్ధుల సంగతి వేరు. ఏ రైడ్‌నూ ఎక్కని నాయనమ్మకూ పూర్తి టికెట్టే. కేవలం చూడటానికి తక్కువ ధర టికెట్టు లేదు. రోజంతా నడక, ఎండ ఉంటాయి కాబట్టి, నాలుగు రోజులూ అందరికీ కొనడం కంటే పెద్దలకు ఒకటి రెండు రోజులకే కొనడం మేలు. మిగిలిన సాయంత్రాల్లో టికెట్టు, పార్కింగ్ రుసుము లేని డిస్నీ స్ప్రింగ్స్ ప్రాంతంలో అందరూ కలుసుకోవచ్చు. చక్రాల కుర్చీలు పార్కుల్లో అద్దెకు దొరుకుతాయి.

మన దేశంలో

ముంబయిలో ఎస్సెల్ వరల్డ్ 1989లో ప్రారంభమైంది. హైదరాబాద్ శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో ఏర్పడింది. కొచ్చిలో 2000లో మొదలైన వండర్‌లా సంస్థ 2005లో బెంగళూరులో, 2016లో హైదరాబాద్‌లో, 2024లో భువనేశ్వర్‌లో పార్కులు తెరిచింది. మహారాష్ట్రలోని ఖోపోలీ దగ్గర ఇమాజికా 2013లో ప్రారంభమైంది.

ఇక్కడ మూడు తేడాలు గమనించాలి. మొదటిది, మన దగ్గర అనేక పార్కుల్లో పిల్లల టికెట్టును ఎత్తును బట్టి నిర్ణయిస్తారు. ఆధార్ కార్డులోని వయసు చూపి వాదించినా ఫలితం ఉండదు. రెండోది, వారాంతాలు, వేసవి సెలవుల్లో ధర పెరుగుతుంది. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే రాయితీ దొరకవచ్చు. వృద్ధులకు తక్కువ ధర ఇచ్చే పార్కులూ ఉన్నాయి. మూడోది, నీటి క్రీడలకు నైలాన్ దుస్తులే అనుమతిస్తారు. చీర, నూలు బట్టలతో వచ్చినవారు దుస్తులు అక్కడే కొనుక్కోవలసి వస్తుంది. లాకరు అద్దె అదనం. చాలాచోట్ల బయటి ఆహారాన్ని అనుమతించరు.

ప్రవేశ రుసుముపై జీఎస్టీ 2017 జులైలో 28 శాతం ఉండేది. 2018 జనవరి 25 నుంచి థీమ్ పార్కులు, వాటర్ పార్కులకు దానిని 18 శాతానికి తగ్గించారు. ధర పన్నుతో కలిపి చెప్పారా, విడిగానా అన్నది చెల్లించే ముందు చూసుకోవాలి.

రద్దు, వాపసు, ఫిర్యాదు

డిస్నీ టికెట్లకు డబ్బు వాపసు ఉండదు. ఒకరి టికెట్టు మరొకరు వాడకూడదు. మూడేళ్లు నిండిన వారి వేలిముద్రను టికెట్టుకు జతచేస్తారు. అందువల్ల కొన్ని రోజులు మిగిలిన టికెట్టును చౌకగా ఇస్తామనే ప్రకటనలు నమ్మితే డబ్బు పోవడమే కాక పిల్లల ముందు గేటు దగ్గర అవమానం మిగులుతుంది. పూర్తిగా వాడని టికెట్టు గడువు దాటితే, చెల్లించిన మొత్తాన్ని కొత్త టికెట్టు ధరలో సర్దుబాటు చేసుకునే వీలుంది.

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం–2019 ప్రకారం, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. పార్కు ఉన్న ఊరికి వెళ్లనవసరం లేదు. అడగని బీమానో విరాళాన్నో బిల్లులో చేర్చడం, రుసుములను చివరి పేజీలో బయటపెట్టడం, లేని తొందర సృష్టించడం వంటి 13 మోసపూరిత పద్ధతులను 2023 నవంబరులో కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు నిషేధించాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

కొనుగోలు క్రమం

1. ముందుగా తేదీలు: ధర, రద్దీ రెండూ దానిపైనే ఆధారపడతాయి.

2. ఆ తేదీలకు రిజర్వేషన్ అవసరమా అన్నది పార్కు అధికారిక వెబ్‌సైట్‌లో చూసి, అవసరమైతే ఖాళీ ఉందో లేదో నిర్ధారించుకున్నాకే టికెట్టు కొనాలి.

3. పిల్లల వయసు, ఎత్తు. పెద్దల నడక సామర్థ్యం చూసి ఎవరికి ఎన్ని రోజులో విడివిడిగా నిర్ణయించాలి.

4. విమాన టికెట్టు, వీసా ఖాయమయ్యాకే వాపసు లేని టికెట్లకు డబ్బు చెల్లించాలి.

5. వరుస పాస్‌ను చివరగా ఆలోచించాలి. ఉదయం గేటు తెరిచే వేళకు చేరుకోగల కుటుంబానికి అది ప్రతిరోజూ అవసరం కాకపోవచ్చు.

టికెట్లన్నీ ఒకరి ఫోన్‌లోనే ఉండే రోజులివి. ఎవరి టికెట్టు ఏ రోజుది, ఏ పార్కుది అన్న వివరాలను తెలుగులో ఒక కాగితంపై రాసి పెద్దల చేతికి ఇస్తే, జనంలో విడిపోయినా, ఫోన్ ఆగిపోయినా వారు నిస్సహాయంగా నిలబడే పరిస్థితి రాదు.