పట్టేసింది

పాత బండికి నట్టు వదులు చేసి, గొలుసు విప్పి, నట్టూ వాషరూ తీసి, స్ప్రాకెట్ మీద చెయ్యి వేస్తే అది కదలదు. మెకానిక్కు అటూ ఇటూ ఊపి చూస్తాడు. తర్వాత ఒక్కమాట అంటాడు: "పట్టేసింది." ఏది పట్టింది, దేన్ని పట్టింది అని పక్కనున్న పిల్లవాడు కూడా అడగడు. కర్తా లేదు, కర్మా లేదు, అయినా వాక్యం నిండుగా ఉంది. ఆ ఒక్క క్రియలో రోగమూ ఉంది, మందూ ఉందని నాకు చాలాకాలంగా అనిపిస్తూ ఉంది.

ముందు వస్తువు సంగతి. షెడ్డుల్లో దాన్ని స్పాకెట్టు అంటారు, పళ్ళ చక్రం అనేవాళ్ళూ ఉన్నారు. స్ప్రాకెట్ అన్న ఇంగ్లీషు మాటకు మూలం ఎవరికీ దొరకలేదు. 16వ శతాబ్దంలో అది వడ్రంగుల మాట, ఇంటికప్పు చట్రంలో వాడే ఒక కొయ్యముక్క పేరు. చక్రం అంచున పొడుచుకొచ్చిన పన్ను అనే అర్థం 18వ శతాబ్దంలో చేరింది. ఇప్పుడు బండ్లకున్న రకం రోలర్ గొలుసుకు హాన్స్ రెనాల్డ్ మాంచెస్టర్‌లో పేటెంట్ తీసుకున్నది 1880లో. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు అచ్చయింది 1852లో. ఆయన పుస్తకంలో ఈ చక్రం గొడవ ఉండే వీలు లేదు. వస్తువుతోపాటు దాని పేరునూ అరువు తెచ్చుకున్నాం. అది కదలకుండా మొరాయించినప్పుడు మాత్రం అరువు మాట కోసం వెతకనక్కర్లేకపోయింది, ఇంట్లో ఉన్న మాటే సరిపోయింది.

పట్టు అచ్చ ద్రావిడ ధాతువు. తమిళంలో పఱ్ఱు, కన్నడంలో పత్తు దాని తోబుట్టువులు. చీరల పట్టు వేరు, అది సంస్కృతంలోని పట్ట శబ్దం నుంచి వచ్చింది. మన పట్టు చేతిది. పట్టుకారు, పట్టుదల, పిడిపట్టు అన్నీ ఆ పిడికిలి లోంచి వచ్చినవే. అయితే తెలుగువాడు ఈ క్రియను చేతికే వదిలెయ్యలేదు. నిద్ర పట్టింది, చెమట పట్టింది, ముసురు పట్టింది, దయ్యం పట్టింది, తుప్పు పట్టింది. వీటిలో పట్టేది మనిషి కాదు, చాలాచోట్ల మనిషే పట్టుబడేవాడు. విభక్తి చూడండి: నాకు నిద్ర పట్టింది, వాడికి దయ్యం పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది. ఇనుమును మనిషి వరసలోనే నిలబెట్టి, అదే 'కు' ప్రత్యయం దానికీ ఇచ్చింది భాష. తమిళులు తురు పిడిచ్చిరుక్కు అంటారు, కన్నడిగులు తుక్కు హిడిదిదె అంటారు. వాళ్ళ ధాతువులు వేరు, భావం మాత్రం పట్టుకోవడమే. హిందీలో జంగ్ లగ్ గయా, అంటే అంటుకుంది. మనవైపు అంటుకుని ఊరుకోదు, పట్టుకుంటుంది.

ఇంకో చిత్రం ఉంది. కొట్టు కొడుతుంది అయినట్టు, పెట్టు పెడుతుంది అయినట్టు, వాడుకలో పట్టు పడుతుంది అవుతుంది. దాంతో తుప్పు పడుతుంది, చక్రం కింద పడుతుంది అన్న రెండు వాక్యాల్లో క్రియ ఒకేలా వినిపిస్తుంది. తేడా తెలియాలంటే భూతకాలానికి వెళ్ళాలి: తుప్పు పట్టింది, చక్రం పడింది. తుప్పు పడుతున్నప్పుడు ఎవరూ గమనించరు, పట్టాకే తెలుస్తుంది. వ్యాకరణంలో ఇది ఒట్టి ధ్వనిమార్పే అయినా పాత బండ్లున్న ప్రతివాడి అనుభవమూ ఇదే.

మెకానిక్కు నోట్లో ఈ క్రియ ఎన్ని మెట్లు ఎక్కుతుందో వినాలి. "కొంచెం పట్టుకుంది" అంటే నాలుగు చుక్కలు నూనె వేస్తే వస్తుంది. కొను చేరిన క్రియలో ఆ పట్టు ఇంకా చక్రం సొంత వ్యవహారం. "పట్టేసింది" అంటే పని పూర్తయిపోయింది, మనల్ని అడగకుండానే. వేయు అనే సహాయక క్రియ తెచ్చే తెగింపు అది. "బిగుసుకుపోయింది" అన్నాడా, ఆ పోవు చేరగానే సంగతి చెయ్యి దాటిందని అర్థం. బండి అక్కడ వదిలి బస్సెక్కాల్సిందే. ఇంజన్ విషయంలో "సీజైంది" అంటారు. ఇంగ్లీషు సీజ్‌కు కూడా అర్థం పట్టుకోవడమే. సుత్తి తీసే ముందు వీటిలో ఏ మాట అన్నాడో అదే అతని రోగనిర్ధారణ.

ఇనుము తుప్పుగా మారితే మొదటి ఇనుముకు రెండింతల పైచిలుకు చోటు ఆక్రమిస్తుంది. షాఫ్టు మీద నిలువు గాడులు, చక్రం లోపల వాటికి సరిపడే పళ్ళు, మధ్య కాగితమంత సందు. అందులోకి వాననీళ్ళు చేరి ఏళ్ళ తరబడి ఉంటే పుట్టే తుప్పుకు ఆ సందు చాలదు. ఇక్కడ పట్టుకు ఉన్న మరో అర్థం గుర్తు చేసుకోవాలి: సంచిలో పట్టదు, గదిలో పట్టరు. సందులో పట్టని తుప్పే చక్రాన్ని పట్టేస్తుంది. ఈ వాక్యంలో రసాయన శాస్త్రం తప్పు పట్టగలిగింది ఏమీ లేదు.

అన్ని పట్లూ తుప్పువి కావు. 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన బుల్లెట్ పాత మోడళ్ళలో గేర్‌బాక్సు స్ప్రాకెట్ గాడుల మీద కూర్చుంటుంది. ఎడమవైపు ప్రైమరీ కేసు విప్పి, క్లచ్ తీస్తే గాని అది కంటికి కనబడదు. మైసూరులో 1960ల మొదట్లో మొదలై 1996లో ఆగిపోయిన ఐడియల్ జావా వారి జావా, యెజ్డీ బండ్ల సంగతి వేరు. వాటి ఇంజన్ స్ప్రాకెట్ కోసుగా, అంటే చివరికి సన్నబడేలా, చెక్కిన షాఫ్టు కొస మీద బిగుస్తుంది. నట్టు బిగించేకొద్దీ కోసు లోపలికి దిగి, లోహం లోహాన్ని నొక్కిపట్టి నిలుస్తుంది. తుప్పు చుక్క లేకున్నా అది రాదు, రాకూడదనే అలా చేశారు. గాడుల మీద తుప్పు పట్టిన చక్రం వదిలితే నూలుపోగు నూలుపోగుగా కదులుతూ, కిర్రుమంటూ వస్తుంది. కోసు పట్టు వదిలితే ఒక్క దెబ్బకు ఠప్పున పూర్తిగా వదులుతుంది. అందుకే తెలిసినవాడు నట్టు పూర్తిగా తీసెయ్యడు, చివరి చుట్ల మీద ఉంచి, చక్రాన్ని లాగే పుల్లర్ బిగిస్తాడు. లేకపోతే చక్రం ఎగిరి ముఖానికి తగులుతుంది.

ఇక మందు. చక్రం పట్టేస్తే దానికి నూనె పట్టించాలి. తలకు నూనె పట్టించడంలో ఉన్న పట్టించడమే ఇది, రోగం పేరుకు 'ఇంచు' ప్రత్యయం చేరిస్తే వైద్యం పేరు వచ్చింది. తుప్పు తనంత తాను పట్టింది, నూనెను మనం పట్టించాలి. నడుం పట్టేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేస్తారో ఇక్కడా అదే వరస: నూనె, కాపడం, కాసేపు ఊరుకోవడం, తర్వాత మెల్లగా కదపడం. కిరసనాయిల్లో కాస్త ఇంజన్ ఆయిలు కలిపి పోసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున మళ్ళీ పోస్తారు. నానడానికి కూడా టైం పడుతుంది, మళ్ళీ అదే క్రియ. తర్వాత కాక. 30 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు చక్రాన్ని 100 డిగ్రీల మేర వేడిచేస్తే ఆ రంధ్రం సుమారు 0.036 మిల్లీమీటరు పెరుగుతుంది. తలవెంట్రుకలో సగం మందం. అంత చాలు, తుప్పు పొర చిట్లుతుంది, నూనె లోపలికి దిగుతుంది. చక్రం వేడెక్కాలి, షాఫ్టు చల్లగా ఉండాలి. పెట్రోలు టాంకు ముందే దింపి దూరంగా పెట్టాలి. వెనక రబ్బరు సీలు ఉందని మరచిపోకూడదు, దాన్ని ఎలాగూ మార్చాలనుకుంటేనే మంట దగ్గరికి తేవాలి. నట్టు వదులు చేసేదాకా గొలుసు తీయకూడదన్నది అన్నిటికన్నా ముందు మాట: గేరులో పెట్టి, వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే గాని షాఫ్టు తిరగకుండా ఆగదు.

పట్టుకు ఎదురుమాట వదులు. ఇది నామంగానూ ఉంది, క్రియగానూ ఉంది. నట్టు వదులైంది. జ్వరం వదిలింది. దయ్యం వదిలింది. పట్టు వదిలింది. బిగువు తగ్గడం, విడిచిపెట్టి పోవడం రెండిటికీ తెలుగులో ఒకే మాట. పట్టేసిన చక్రాన్ని తీయడమంటే దాన్ని పట్టుకున్నది వదిలేలా చేయడం, వదిలించడం. పనివాళ్ళు ఈ సంగతిని నోటితో వివరించకపోవచ్చు గాని వాళ్ళ క్రియలన్నీ అటే మొగ్గుతాయి. "రావట్లేదు", "కదిలింది", "వదిలింది", "వచ్చేసింది!" ప్రతిదానిలోనూ కర్త చక్రమే. మనిషి కర్త అయ్యే క్రియలు రెండున్నాయి, పీకడం, ఊడబెరకడం. అవి వినిపించాయంటే టైరు లీవరు చక్రం వెనక్కి వెళ్ళిందన్నమాట. దాని ఒత్తిడంతా అల్యూమినియం కేసు మీద పడుతుంది. కేసు పగిలితే మైసూరులో మళ్ళీ ఎవరూ పోతపోసి ఇవ్వరు. సుత్తితో నేరుగా షాఫ్టు కొస మీద మోదితే చుట్లు చెడతాయి, బేరింగు గోళీల దారిలో గుంటలు పడతాయి. సుత్తి వాడాల్సిన చోటు పుల్లర్ బోల్టు తల. ముందు పుల్లర్‌ను బిగువుగా లాగిపెట్టి, ఆపైన ఒక్క దెబ్బ.

శిక్షణ పుస్తకాల కోసం ఎవరో ఇంగ్లీషు నుంచి దించిన తెలుగులో ఇలాంటిచోట "స్ప్రాకెట్‌ను తొలగించుము" అని ఉంటుంది. తొలగించడం అడ్డును, ఆటంకాన్ని, ఉద్యోగిని. ఆ వాక్యం చదివిన కుర్రవాడికి ఏమీ తెలియదు. "పట్టు వదిలించి తీయండి" అని రాస్తే, ముందు ఏదో పట్టుకుని ఉందనీ, ఆ పట్టు ఏదో చూడాలనీ, వదిలాకే తీయాలనీ మూడు సంగతులు తెలుస్తాయి. శిక్షణ తెలుగు షెడ్డు దగ్గర నేర్చుకోవాలి, షెడ్డు శిక్షణ పుస్తకం దగ్గర కాదు.

అలా పనివాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి నమూనా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. చేనేత పదాలది 1971లో వచ్చింది. పొలానికీ మగ్గానికీ వెళ్ళి అడిగి రాసుకున్న మాటలవి. పాత బండ్లు విప్పడం తెలిసిన చేతులు ఇప్పుడు ముసలివయ్యాయి, కొత్తబండ్ల పని వేరు, మాటలు వేరు. మీ ఊళ్ళో బుల్లెట్టో జావానో రాజదూతో విప్పే పెద్దాయన ఉంటే, కదలని చక్రాన్ని ఆయన ఏమంటాడో, కదిలినప్పుడు ఏమంటాడో, ఏ ఊరివాడో, ఎవరి దగ్గర పని నేర్చాడో అడిగి, తేదీ వేసి రాసిపెట్టండి.