మేస్త్రీ చేతి గడువు

సరాయి అంటే బాటసారి రాత్రికి తలదాచుకొని తెల్లవారగానే విడిచిపోయే చోటు. దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ప్రాంగణం చెంతనున్న జియా సరాయ్‌కు ఆ పేరు నేటికీ తగియున్నది. ఇక్కడి ఇరుకు సందులలో లేచిన బాడుగ గదులలోనికి స్థిరపడదలచి వచ్చేవారు అరుదు. చదువు ముగిసేవరకో, ఒప్పందపు కొలువు తీరేవరకో ఉంటారు. ఆ సందులలో తెలుగు మాట చెవిన పడినప్పుడెల్లా, గడువు పెట్టుకొని దూరదేశాలకు పోయిన మనవారు జ్ఞప్తికి వస్తారు.

1860 నవంబరు 16న మద్రాసు కూలీలతో 'ట్రూరో' ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. వారిలో తెలుగువారూ ఉన్నారు. చెరకు తోటలలో అయిదేండ్ల పని. మొదటి యేడు నెలకు పది షిల్లింగులు. కట్టుబాటు కఠినమైనదే. అయినా గడువు కాగితం మీద ఉన్నది.

రంగూను పోయినవారిలో అనేకులకు ఆ పాటి కాగితమూ లేదు. అక్కడ మేస్త్రీదే రాజ్యం. (మాట పోర్చుగీసుది, ఆచారం మాత్రం మనదైపోయింది.) అతడు ఊరికి వచ్చి బయానా ఇచ్చేవాడు, ఓడ ఖర్చు పెట్టేవాడు, ఆ బాకీని కూలిలో విరుచుకొనేవాడు. బాకీ తీరినదే గడువు. భార్యాబిడ్డలను ఊళ్లో విడిచి, రేవులలోను బియ్యపు మిల్లులలోను పాటుపడిన ఆ తెలుగువారిని బర్మాలో కోరంగీలన్నారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు 1839 తుపానుకు కూలిపోయినది. పేరు మాత్రం సముద్రం దాటి కూలీల మీద నిలిచింది.

మేస్త్రీని కేవలం దుర్మార్గునిగా చిత్రించుట సులభం. పాలమూరు గుంపుమేస్త్రీని చూడండి. అతడు తరచుగా ఆ ఊరివాడే, ఒకనాటి కూలీయే. చుట్టరికమే అతని పూచీ. ఆ నమ్మకంతోనే ఆలుమగలు పిల్లలను ముసలివారికి అప్పగించి దేశమంతటా ఆనకట్టల పనులకు నడిచినారు. కూలీని కట్టివేసినదీ ఆ నమ్మకమే.

జియా సరాయ్‌కు తూర్పున సిరి ఫోర్టు వద్ద 1982 ఆసియా క్రీడల కొరకు ఒక గ్రామమే కట్టినారు. ఆ క్రీడల నిర్మాణాలకు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుండి కూలీలను తెచ్చినవారు జమాదారులు. మన మేస్త్రీకి ఢిల్లీలో అది మారుపేరు. రోజు కూలి 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమాదారుది. 1982 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, కనీస వేతనానికి తక్కువగా పని చేయించుట రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని తీర్పు చెప్పింది. కొరడాయే కానక్కరలేదు, ఆకలీ నిర్బంధమేనన్నది. ఆ మాట వినటానికి ట్రూరో నుండి నూట ఇరువదిరెండేండ్లు పట్టింది.

1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఊరు విడిచినందుకు ఒక భత్యం నిర్ణయించింది: నెల కూలిలో సగమో, 75 రూపాయలో, ఏది హెచ్చైతే అది. తిరిగి ఇవ్వనక్కరలేదు. విడిచిన ఊరికి వెలకట్టిన శాసనం, విడిచిన బిడ్డ ఊసెత్తలేదు.

నే నెరిగిన ఒక తెలుగు యువకుడు జియా సరాయ్‌లో ఉంటాడు. అతని చేతిలో పదకొండు నెలల కాగితం ఉన్నది, రెండుమార్లు తిరగవ్రాసినారు. మేస్త్రీ లేడు, ఏజెన్సీ ఉన్నది. ఆదివారం తల్లి ఫోనులో అడుగుతుంది: "సంక్రాంతికైనా వస్తావా నాయనా?" కాగితం ఇంకా రాలేదమ్మా, అంటాడు.