మోరీ ఫ్యాక్టరీ కాదట

గుంతలో గాలి మనిషిని చంపుతుందని ఈ దేశానికి 1948లోనే తెలుసు. ఆ ఏటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ తీసి చూడండి. విషవాయువు ఉండగల తొట్టిలోకి, గుంతలోకి, పైపులోకి మనిషిని పంపాలంటే ముందు ఆ వాయువును తొలగించాలన్నారు. ఆపైన గాలి పరీక్షించి రాతమూలకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, బెల్టుకు కట్టిన తాడు పట్టుకుని పైన ఒక మనిషి ఉండాలి. ఇదంతా ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు. వీధిలో మ్యాన్‌హోల్ ఫ్యాక్టరీ కాదు కాబట్టి మా అయ్యకు ఆ తాడు రాలేదు.

ఆయన ఇరవై ఏండ్లు కాంట్రాక్టు మీద మోరీలు తీసిండు. మూత తెరిచి, లోపల బొద్దింకలు తిరుగుతుంటే గాలి ఉన్నట్టే అని దిగేవాడు. "వాసన కాసేపే బిడ్డా, తర్వాత అలవాటైతది" అనేవాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ని నేనే. కెమిస్ట్రీ చదివినంక ఆ 'అలవాటు' మాటకే నాకు వణుకు పుట్టింది. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అది గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది. కదలకుండా ఉన్న మడ్డిని కెలికితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. మూత తెరిచినప్పుడు లేని చావు పని మొదలుపెట్టాక పుడుతుందన్నమాట. దీన్ని కూలోడి జాగ్రత్త ఎట్లా ఆపుతుంది? గ్యాస్ కొలిచే మీటరు వాడు ఇంటినుంచి తెచ్చుకోవాలా?

అయినా ఎవరు పోయినా మొదట వినబడేది ఒకటే మాట: తాగి దిగిండు. తాగకుండా ఆ మడ్డిలో నిలబడమని చెప్పే సారును ఒక్కసారి దిగి చూపించమనండి. 2015 నవంబర్ 26న కోళికోడ్‌లో ఇద్దరు ఆంధ్రా కూలీలు మ్యాన్‌హోల్‌లో పడిపోతే, కాపాడబోయిన నౌషాద్ అనే ఆటో డ్రైవర్ కూడా చనిపోయాడు. ఆయన మోరీ పనివాడు కాదు. ఆయన చావుకు ఏ నిర్లక్ష్యం అంటగడతారు?

1993 చట్టం పొడి మరుగుదొడ్ల గురించి మాట్లాడింది, మోరీని వదిలేసింది. 2013 చట్టం మోరీని చేర్చింది గానీ అందులో ఒక సందు ఉంది. దాని లెక్కన 'ప్రమాదకర శుభ్రత' అంటే రక్షణ పరికరాలు ఇవ్వకుండా, జాగ్రత్తలు తీసుకోకుండా చేయించేది. అంటే గ్లౌజులు, మాస్కు ఇచ్చినట్టు కాగితంలో రాస్తే, దింపినోడు తప్పించుకునే దారి దొరికినట్టే. అసలు మనిషి ఎందుకు దిగాలన్న ప్రశ్న పక్కకు పోయి, దిగేవాడికి ఏం తొడగాలన్నది ముందుకొచ్చింది. ఆ దిగేవాడు ఏ వాడ నుంచి వస్తాడో ఆ కాగితంలో ఉండదు.

1993 నుంచి మోరీల్లో చచ్చినవాళ్ల కుటుంబాలకు పది లక్షలివ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకు ధర పెరిగింది, మంచిదే.

సన్న సందుల్లోకి యంత్రం పోదు, మనిషే దిగాలి అని మా అయ్య కాలమంతా చెప్పారు. 2017లో హైదరాబాద్‌లో ఆ సందుల్లోకి పోయే చిన్న జెట్టింగ్ యంత్రాలు వచ్చాయి. సందులు అంతే ఉన్నాయి.