స్వరోచి చేసిన వైద్యం

మనుచరిత్ర అనగానే వరూధినీ ప్రవరులే గుర్తొస్తారు. హిమాలయం మీది ఆ ఘట్టం ముగిశాక కూడా అల్లసాని పెద్దన కథ చాలా దూరం నడుస్తుంది. వరూధిని కొడుకు స్వరోచి దగ్గరికి ఒకనాడు మనోరమ అనే కన్య ప్రాణభయంతో వస్తుంది. ఒక మునిని పరిహసించి, రాక్షసుడి బారిన పడేలా శాపం తెచ్చుకున్న పిల్ల. ఆమె పక్షాన మునిని నిలదీసిన చెలికత్తెలు విభావరి, కళావతులను కూడా ఆయన శపించాడు. ఒకరికి కుష్ఠు, మరొకరికి క్షయ. తీరా చూస్తే ఆ రాక్షసుడు మనోరమ తండ్రి ఇందీవరాక్షుడే. బ్రహ్మమిత్రుడనే గురువు ఆయుర్వేదం చెప్పనంటే అతడు కంటికి కనబడకుండా ఆ పాఠాలన్నీ విని నేర్చాడు. నేర్చాక గురువునే చూసి నవ్వి శాపం పాలయ్యాడు. స్వరోచి చేతిలో శాపం తీరగానే కూతురితో పాటు ఆ విద్యనూ అతనికిచ్చాడు. స్వరోచి ఆ విద్యతో చెలికత్తెలిద్దరినీ బాగు చేసి పెళ్లాడాడు.

ఈ కథ పెద్దన కల్పించింది కాదు. మార్కండేయ పురాణంలోది. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో మారన దాన్ని తెలుగు చేశాడు. పెద్దన దాన్ని శ్రీకృష్ణదేవరాయల (1509–1529) కొలువులో ప్రబంధంగా మలిచాడు. అందులోని వైద్యంలో నిజమెంత, కల్పన ఎంత అనేది అడగదగిన ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి ఒక స్థానిక కారణమూ ఉంది. చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతం అప్పట్లో విజయనగర ఏలుబడిలోదే. ఆ ఇద్దరు చెలులలో ఒకరి రోగానికి ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద ఆసుపత్రి వెలిసిందీ ఇక్కడే.

ముందుగా ఆ రోగాల జత. కుష్ఠు, క్షయ రెండూ ఒక్కచోట రావడం యాదృచ్ఛికం అనిపించదు. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోగాల జాబితా ఉంది. ఒంటి స్పర్శ, ఊపిరి, కలిసి తినడం, ఒకే పడక, ఒకరి బట్టలు, పూలదండలు మరొకరు వాడడం వల్ల ఇవి సోకుతాయంటుంది. ఆ జాబితాలో కుష్ఠూ క్షయా రెండూ ఉన్నాయి. ఎప్పుడూ ఒకరినొకరు వదలని ముగ్గురు చెలుల్లో ఇద్దరికి ఈ రోగాలు తగిలాయనడం ఆనాటి వినేవారికి వింతగా తోచి ఉండదని నా అభిప్రాయం. కుష్ఠు క్రిమిని హాన్సెన్ 1873లో, క్షయ క్రిమిని కాఖ్ 1882లో గుర్తించారు. అంటువ్యాధులన్న ఎరుక మాత్రం అంతకు ఎన్నో శతాబ్దాల ముందుదే.

శాపం వల్ల రోగమా అని నేటి పాఠకుడు ముఖం చిట్లించవచ్చు. కాని వైద్య గ్రంథమైన చరకమే క్షయ పుట్టుకను ఒక శాపకథతో మొదలుపెడుతుంది. దక్షుడి ఇరవై ఎనిమిది మంది కూతుళ్లను పెళ్లాడిన చంద్రుడు రోహిణినే ప్రేమించి మిగతావారిని నిర్లక్ష్యం చేశాడు. మామ ఆగ్రహానికి గురై క్షీణించాడు. అశ్వినీదేవతలు వైద్యం చేశారు. కథ చెప్పిన ఆ నోరే వెంటనే ఆహారం, మందు, పథ్యం చెబుతుంది. ఆనాటి వైద్యుడికి ఈ రెండింటి మధ్యా పేచీ లేదు.

వింత చికిత్సలు కావాలంటే కావ్యం కంటే వైద్య గ్రంథమే ఎక్కువ ఇస్తుంది. చిక్కిపోయిన క్షయరోగికి మాంసాహారుల మాంసం పెట్టమంటాడు చరకుడు. పేరు తెలిస్తే రోగి తినడు, తిన్నా కక్కేస్తాడు. అందుకని గద్ద మాంసాన్ని నెమలి మాంసమనీ, పామును చేప అనీ చెప్పి పెట్టమంటాడు. మేకపాలు, మేకమాంసం, మేకనెయ్యి, చివరికి మేకల మధ్య పడక కూడా క్షయకు మందేనని ఆయుర్వేద సంప్రదాయం. ఏ ప్రబంధకవీ ఇంత వింత ఊహించలేదు. కుష్ఠుకు సుశ్రుతుడు తువరక నూనె చెప్పాడు. ఆ జాతి గింజల నూనెనే ఇరవయ్యో శతాబ్దపు వైద్యులు సూదిమందుగా ఇచ్చారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ నడిపిన కుష్ఠు ఆసుపత్రిలో ఆ వైద్యమే చేశారు.

కావ్యం నిజాన్ని వదిలేసింది కాలం విషయంలో. స్వరోచి చేయి పడగానే రోగాలు పోయాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం చరిత్ర చూస్తే ఆ కల్పన ఎంతటిదో అర్థమవుతుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో 1915లో అక్కడ క్షయ శానిటోరియం వెలిసింది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున్న పొడి నేల. మంచి గాలి, పుష్టికరమైన తిండి, నెలల తరబడి పడక మీద విశ్రాంతి, అదీ వైద్యం. ఇటలీ వైద్యుడు ఫోర్లానినీ కనిపెట్టిన పద్ధతిలో ఊపిరితిత్తి పక్కకు గాలి ఎక్కించి, దాన్ని ముడుచుకునేలా చేసి విశ్రాంతినివ్వడం ఆ కాలపు శానిటోరియంలలో పేరున్న చికిత్స. మందులు లేని రోజుల్లో అదే ఆధునిక శాస్త్రం. ఇప్పుడు నవలలో రాస్తే కట్టుకథ అనుకుంటాం. స్ట్రెప్టోమైసిన్ వచ్చాకే పరిస్థితి మారింది. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా పని మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి.

మనుచరిత్రలో అన్నిటికంటే నమ్మశక్యం కానిది ప్రవరుడి పాదలేపం. సిద్ధుడు కాళ్లకు పసరు పూస్తే బ్రాహ్మడు హిమాలయం చేరాడు, మంచుకు పసరు కరిగిపోయి చిక్కుకుపోయాడు. ఎగరడం జరగని పని. కాని పాదలేపం కవి పుట్టించిన మాట కాదు. సిద్ధుల సంప్రదాయంలో ఎనిమిది సిద్ధులలో అది ఒకటి. జైనుల కథల్లో పాదలిప్తసూరి అలాగే ఎగిరాడు, రసవాది నాగార్జునుడు ఆ రహస్యం కోసమే ఆయన్ని ఆశ్రయించాడు. తెలుగునాట సిద్ధుల తావుగా శ్రీశైలానికి ఉన్న పేరు తెలిసిందే. ఫలితం అబద్ధం, ఆ ప్రయత్నం మాత్రం చరిత్ర.

విరహంలో వేగే నాయికలకు చెలులు చేసే శిశిరోపచారాలదీ ఇదే తీరు. గంధం పూత, అరటాకు పడక, తామరతూళ్లు, పన్నీరు చూసి అతిశయోక్తి అంటాం. చరకుడు జ్వరచికిత్సలో ఒళ్లు మండే రోగికి గంధపు నీళ్లు, తామరాకులు, అరటాకులు, నీటిధారలు కురిసే ఇల్లు, చల్లని ముత్యాలు చెప్పాడు. కవి రోగం పేరు మార్చాడు, చికిత్స మార్చలేదు.

కావ్యాలు చెప్పని వింతను ఒక పరదేశి రాసిపెట్టాడు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికంతా పట్టించి, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆ నూనెంతా చెమటగా పోయేదాకా శ్రమించేవాడని చెప్పాడు. ఆయుర్వేదంలోని స్నేహపానం, అభ్యంగం, వ్యాయామం తెలిసినవారికి ఇది సుపరిచితమే. అదే శతాబ్దంలో ఐరోపా మందుల దుకాణాల్లో ఈజిప్టు శవాల పొడి అమ్మేవారు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే 1582లో దాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకంలోని చేతిరుమాలుకు ఆ శవసారంతోనే అద్దకం వేశారు. అక్కడా కవి తన చుట్టూ ఉన్నదే తీసుకున్నాడు.

మన ప్రబంధాలకు వ్యాఖ్యానాలు చాలా వచ్చాయి. ఛందస్సుకు, అలంకారానికి, పురాణ మూలాలకు అవి బాగా సరిపోయాయి. ఇక వచ్చే ముద్రణల్లో చరక సుశ్రుతాలు, రసగ్రంథాలు చదివిన వైద్యుడొకరు పండితుడి పక్కన కూర్చుని టిప్పణి రాయాలి. విభావరి, కళావతుల ఘట్టంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.