కనెక్టోమ్: మెదడు అల్లిక పటం

ఒక జీవి మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి ఎక్కడెక్కడ, ఎన్నెన్ని చోట్ల కలుస్తున్నాయో చూపే సమగ్ర పటాన్ని కనెక్టోమ్ అంటారు. ఓలాఫ్ స్పోర్న్స్, పాట్రిక్ హాగ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా 2005లో ఈ పేరు పెట్టారు. పేరు కొత్తదే గానీ దాని వెనకున్న ప్రశ్న పాతది.

ఇటలీకి చెందిన కామిల్లో గోల్జీ 1873లో వెండి లవణంతో నాడీకణాలకు రంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. ఆ రంగు నూటికి ఏ కొద్ది కణాలకో మాత్రమే పట్టేది. లోపంలా కనిపించే ఈ గుణమే మేలు చేసింది, ఎందుకంటే రంగు పట్టిన కణం కొమ్మలూ రెమ్మలతో సహా విడిగా కనబడేది. అదే పద్ధతితో స్పెయిన్‌లో శాంటియాగో రమోన్ ఇ కహాల్ వేలాది బొమ్మలు గీసి, మెదడు ఒకే అఖండమైన వల కాదనీ విడివిడి కణాల కూర్పనీ వాదించాడు. గోల్జీ ఒప్పుకోలేదు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు కూడా గోల్జీ తన ప్రసంగంలో ఆ వాదాన్ని ఖండించాడు. 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కణానికీ కణానికీ మధ్య సుమారు 20 నానోమీటర్ల సందు కనిపించాక కహాల్ మాటే నిలిచింది. ఒక కణం నుంచి మరో కణానికి రసాయనం రూపంలో కబురు అందే ఆ చోటును సినాప్స్ అంటారు. మెదడు పటం గీయడమంటే ముఖ్యంగా ఈ సినాప్స్‌లను ఒక్కటీ వదలకుండా గుర్తించడమే.

నులిపురుగు

మొదటి పటం సి. ఎలిగాన్స్ అనే నులిపురుగుది. దాని పొడవు ఒక మిల్లీమీటరు, నాడీకణాలు 302. కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ బృందం దాన్ని అతి పల్చని పొరలుగా కోసి, ఫోటోలు తీసి, నాడీకణాల ఒక్కో తీగ ఒక పొర నుంచి తర్వాతి పొరలోకి ఎటు వెళ్లిందో చేత్తో గుర్తులు పెట్టుకుంటూ పోయింది. జాన్ వైట్, ఐలీన్ సౌత్‌గేట్, నికోల్ థామ్సన్‌లతో కలిసి బ్రెన్నర్ 1986లో ప్రచురించిన ఆ వ్యాసం 340 పేజీలది. నాడీశాస్త్రంలో ఇంతటి ఓపికతో జరిగిన పనులు చాలా తక్కువ.

పండ్ల ఈగ

అరటిపండు మగ్గితే చుట్టూ ముసిరే చిన్న ఈగ, డ్రోసోఫిలా. దాని మెదడు గసగసాల గింజంత ఉంటుంది. అయినా ఆ ఈగ ఎగురుతుంది, వాసన పసిగడుతుంది, దారి గుర్తుపెట్టుకుంటుంది, జత కోసం రెక్కలతో పాట పాడుతుంది. అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో ఒక ఆడ ఈగ మెదడును సుమారు 40 నానోమీటర్ల మందంతో 7,000కు పైగా పొరలుగా కోశారు. ఆ పొరలకు తీసిన ఫోటోలు రెండు కోట్ల పైచిలుకు. వాటిలో తీగల జాడ పట్టే పనిని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మాలా మూర్తి, సెబాస్టియన్ సంగ్ నాయకత్వంలోని ఫ్లైవైర్ బృందం కృత్రిమ మేధకు అప్పగించింది.

యంత్రం వేగంగా పని చేసింది గానీ తప్పులూ చేసింది. పక్కపక్కన పోయే రెండు తీగలను ఒకటిగా కలిపేసేది, ఒకే తీగను మధ్యలో తెంపేసేది. ఇలాంటి ఒక్క తప్పు దొర్లినా ఎక్కడో ఉన్న రెండు కణాలకు లేని చుట్టరికం కలుస్తుంది. అందుకని అనేక దేశాల పరిశోధకులూ, సరదాగా మొదలుపెట్టి అందులోనే మునిగిపోయిన మామూలు మనుషులూ తెరల ముందు కూర్చుని ఒక్కో కణాన్నీ దిద్దారు. ఆ దిద్దుబాటంతా ఒక్కరే చేస్తే 33 ఏళ్లు పట్టేదని అంచనా. 2024 అక్టోబరులో నేచర్ పత్రికలో వెలువడిన ఈ పటంలో 1,39,255 నాడీకణాలు, 5 కోట్లకు పైగా సినాప్స్‌లు, 8,000కు పైగా కణ రకాలు ఉన్నాయి. ఎవరైనా తెరిచి చూసుకునేలా దాన్ని ఉచితంగా ఉంచారు. ఈ మొత్తం కృషిలో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం అదే.

పటం ఎందుకు పనికొస్తుందో ఒక ప్రయోగం చక్కగా చూపింది. ఏ కణం దేనితో ఎన్నిసార్లు కలిసింది, అది అవతలి కణాన్ని ఉత్తేజపరుస్తుందా అణిచివేస్తుందా అన్న వివరాలతోనే ఫిలిప్ షియూ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఈగ మెదడుకు కంప్యూటర్ నమూనా తయారుచేశారు. అందులో తీపిని పసిగట్టే కణాలను కదిలిస్తే, ఆ సంకేతం ఒక్కో మెట్టూ దాటి తొండం చాపించే కణాన్ని చేరింది. దారిలో ఏ కణాలు కదులుతాయని నమూనా చెప్పిందో, బతికున్న ఈగల్లో పరీక్షిస్తే చాలావరకు అవే కదిలాయి.

ఎలుక, మనిషి

ఒక ఘన మిల్లీమీటరు మెదడులోని అల్లిక మొత్తం, ఆ కణాలన్నీ ఎప్పుడెలా స్పందిస్తున్నాయన్న వివరంతో సహా కావాలనడం అసాధ్యాన్ని కోరడమేనని 1979లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ రాశాడు. 2025 ఏప్రిల్‌లో మైక్రాన్స్ అనే పరిశోధన బృందం దాదాపు దాన్నే సాధించింది. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో ఎలుకకు వీడియోలు చూపిస్తూ, చూపును గ్రహించే దాని మెదడు పై పొరలో (దృష్టి వల్కలంలో) సుమారు 75,000 కణాల స్పందనలు నమోదు చేశారు. తర్వాత అదే భాగాన్ని సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండు రోజులు రాత్రింబవళ్లు వంతులవారీగా కూర్చుని 28,000 దాకా పొరలుగా కోశారు. 50 కోట్లకు పైగా సినాప్స్‌లు బయటపడ్డాయి. ఒకే తరహా దృశ్యానికి స్పందించే కణాలు దూరంగా ఉన్నా సరే ఒకదానితో ఒకటి ఎక్కువగా కలుస్తున్నాయి. ఇతర కణాలను అణిచే కణాలు కూడా దొరికినదాన్నల్లా అణచవు, ఏ రకాన్ని అణచాలో ఎంచుకుంటాయి.

మనిషి విషయంలో ఇప్పటికి దొరికింది తునకే. మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స చేస్తూ తీసిన సుమారు ఒక ఘన మిల్లీమీటరు ముక్కను హార్వర్డ్‌లో జెఫ్ లిక్ట్‌మన్ బృందం, గూగుల్ కలిసి పటంగా మార్చి 2024లో ప్రచురించాయి. దాదాపు 57,000 కణాలు, 15 కోట్ల సినాప్స్‌లున్న ఆ ముక్క వివరాలకే 1,400 టెరాబైట్ల చోటు పట్టింది. మొత్తం మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. మనిషి మెదడుకే సంబంధించి మద్రాసు ఐఐటీ 2024 డిసెంబరులో ‘ధరణి’ని విడుదల చేసింది గానీ, అది కనెక్టోమ్ కాదు. గర్భస్థ శిశువు మెదడును 5,132 పొరల్లో కణాల స్థాయి వరకు చూపే అట్లాసు అది. దాన్నీ అందరికీ ఉచితంగానే అందుబాటులో ఉంచారు.

పటంలో కనిపించనిది

అల్లిక తెలిస్తే ప్రవర్తన మొత్తం తెలిసిపోతుందన్న ఆశ నులిపురుగు దగ్గరే సడలింది. ప్రిన్స్‌టన్‌లో ఆండ్రూ లైఫర్ బృందం పురుగులోని కణాలను ఒక్కొక్కటిగా కాంతితో కదిలించి, మిగతావి ఎలా స్పందిస్తున్నాయో కొలిచింది. 2023లో వెలువడిన ఆ ఫలితాలు 1986 నాటి పటంతో చాలాచోట్ల పొసగలేదు. నేరుగా ఏ కలయికా లేని కణాల మధ్య కూడా సంకేతాలు వెళుతున్నాయి. నాడీకణాలు వదిలే పెప్టైడులనే చిన్న ప్రోటీను ముక్కలు సినాప్స్‌తో పని లేకుండా దూరాన ఉన్న కణాలను చేరి వాటి తీరు మార్చగలవు. అదే ఏడాది కేంబ్రిడ్జి పరిశోధకులు ఏ కణం ఏ పెప్టైడును వదులుతుంది, దాన్ని అందుకోగల కణాలేవి అన్నది కూర్చి, పురుగుకు తీగల్లేని సంకేతాల పటం కూడా గీశారు. అది పాత పటం కన్నా చాలా దట్టంగా ఉంది.