వడ్ల వెల, భూమి వెల



పల్లెలో నలుగురు పెద్దలు అరుగుమీద కూడినప్పుడు తప్పక వినవచ్చు మాట యొకటి కలదు: భూమిని నమ్మినవాడు చెడడని. నేనును చిన్ననాటినుండి ఆ మాట వినుచునే యున్నాను. అది చాలవరకు నిజమే. కాని భూమిని నమ్ముట వేరు, భూమి వెలను నమ్ముట వేరు. ఈ భేదమును మరచిన ఒక దేశపు కథను ఈ పూట మీకు విన్నవింపదలచితిని. ఆ దేశము మనకు క్రొత్తది కాదు. మన తీరపు జిల్లాలవారు కూలికై ఓడలెక్కి పోయిన "రంగము", అనగా బర్మా దేశము.

1852వ సంవత్సరపు యుద్ధములో ఇంగ్లీషువారు దిగువ బర్మాను జయించిరి. ఐరావతీ నది సముద్రమున కలియు ఆ లంకభూములలో అప్పుడు అడవియు, బురదయు మెండు. సాగునందున్న వరిభూమి పది లక్షల ఎకరములకు లోపే. తరువాత ఐరోపాలో బియ్యమునకు గిరాకి హెచ్చినది. 1869లో సూయజు కాలువ తెరచుటతో ఓడదారి దగ్గరైనది. రైతులు అడవి నరికి, గట్లు పోసి, వరి నాటిరి. 1930 ప్రాంతమునకు వరిచేలు ఎనుబది లక్షల ఎకరములకు మించెను. ప్రపంచములో బియ్యము ఎగుమతి చేయు దేశములలో బర్మాదే అగ్రస్థానమయ్యెను.

ఆ పంటను కోయుటకు, మిల్లులలో ఆడించుటకు, ఓడలకెక్కించుటకు చేతులు కావలసివచ్చెను. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి మనవారు వేలకొలది పోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి బర్మీయులు తెలుగువారిని "కోరంగీలు" అనిరి. పని చేతులు మనవైనచో, పెట్టుబడి ధనము చాలవరకు దక్షిణదేశపు చెట్టియార్లది. వారు తమ సొమ్మేగాక బంధువుల డిపాజిట్లను, బ్యాంకుల అప్పులను గూడ చేర్చి, భూమిని తాకట్టుపెట్టుకొని రైతులకు అప్పులిచ్చిరి.

ఇందు మోసమేమియు లేదు. వడ్ల వెల ఏటేట పెరుగుచుండెను. క్రొత్తగా నరికి సాగుచేయుటకు తేలికైన అడవి తరిగిపోవుటచే, ఉన్న భూమి వెల ఇంకను హెచ్చెను. వెల హెచ్చిన భూమిపై ఎక్కువ అప్పు దొరకెను. ఆ అప్పుతో రైతు మరికొంత భూమి కొనెను. అట్లు కొనువారు పెరుగుటచే వెల మరల హెచ్చెను. ఇచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును తాము తెలివిగలవారమనియే తలచిరి. కొన్నేండ్లవరకు ఆ తలంపు నిజమైనట్లే తోచెను.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము లోకమంతట వ్యాపించెను. బర్మాలో 1930 చివరినుండి వడ్ల వెల పడిపోయి, 1931 నాటికి పూర్వపు వెలలో సగమునకు దిగెను. భూమి అదే, పంట అదే, నీరు అదే. మారినది వెల యొక్కటే. కాని అప్పు కాగితముపై వ్రాసిన అంకె మాత్రము మారలేదు.

లెక్క చూచుటకు ఒక ఉదాహరణము చెప్పుదును. ఒక రైతు ఏటికి 120 రూపాయల వడ్డీ కట్టవలెననుకొందము. నూరు బుట్టల వడ్లు 160 రూపాయలు పలికిననాడు 75 బుట్టలు అమ్మిన వడ్డీ తీరును. అవే నూరు బుట్టలు 80 రూపాయలకు దిగిననాడు 150 బుట్టలు అమ్మవలెను. అనగా కాగితముపై ఎదుగని అప్పు కళ్లములో రెట్టింపైనది. దానికి తోడు సర్కారు శిస్తును, తలపన్నును రొక్కముగానే చెల్లింపవలెను. 1930 డిసెంబరులో సాయాసాను నాయకత్వమున లేచిన రైతుల తిరుగుబాటునకు ఈ బాధయు ఒక కారణము.

తాకట్టు భూములు ఋణదాతల వశమయ్యెను. దిగువ బర్మాలోని 13 ప్రధానమైన వరిజిల్లాలలో చెట్టియార్ల అధీనమందున్న భూమి 1930లో నూటికి 6 వంతులు. 1937 నాటికి నూటికి 25 వంతులు. ఇది వారికి లాభమని తలచెదరేమో! వారు కోరినది రొక్కము, దొరకినది చేను. అమ్మబోయిన కొనువాడు లేడు. రైతు కంట వారు భూమిని కాజేసినవారైరి. 1942లో జపానువారు వచ్చుటతో లక్షలమంది భారతీయులు, వారిలో మన కూలీలును, కొండదారులవెంట కాలినడకను స్వదేశమునకు మరలిరి. ఎందరో దారిలోనే రాలిపోయిరి. 1948లో స్వతంత్ర బర్మా ప్రభుత్వము భూమిని జాతీయము చేయు చట్టము చేసెను. రైతును పోగొట్టుకొన్నాడు, ఋణదాతయు పోగొట్టుకొన్నాడు.

మన కృష్ణా, గోదావరీ మండలములలోను ఆ యేండ్లలో ధాన్యము వెల పడినది, అప్పులు పెరిగినవి. కాని ఇచ్చట 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసినది. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలువయున్న వడ్డీ రద్దయినది. అసలుకు రెట్టింపు ముట్టియుండిన అప్పు తీరినట్లే యని నిర్ణయమైనది. ఆ చట్టము వలన పలువురి పొలములు నిలిచినవి. అయినను చట్టము వచ్చులోపల చేను పోయినవానికి అది ఏమి మేలు చేయగలదు?

కావున భూమి కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడని నా మనవి. ఆ భూమి ఆదాయమే దానిపై అప్పుకు వడ్డీ కట్టగలదా? ఆ ఆదాయము సగమైనచో మనము ఎన్నియేండ్లు నిలువగలము? అప్పిచ్చినవాడు, నడుమనే తిరిగి అడుగకుండ, అన్నియేండ్లు ఓర్చునా? ఈ మూడింటికిని ధైర్యముగా బదులు చెప్పగలిగినవాడు కొనవచ్చును. "పొరుగువాడు కొన్నాడు, వెల పెరుగుచున్నది" అను మాట తప్ప వేరు బదులు లేనివాడు ఇంకొక యేడు ఆగుట మేలు.

భూమిని నమ్మినవాడు చెడడన్న పెద్దల మాట అబద్ధము కాదు. ఐరావతీ లంకలలో భూమి నేటికిని పండుచునే యున్నది. చెడినది దాని వెలను నమ్మి అప్పు చేసినవాడును, ఆ వెలనే నమ్మి అప్పిచ్చినవాడును.